మొయ్ పుస్తకంలో మొదటి గీత

ఏమయ్యా కామరాజ్! ఆ అద్దం కింద పెట్టి ఇటు రా. అరగంటగా ఆ జుట్టును దువ్వుతున్నావు, అది మీ నాయన జుట్టు, మాట వినే జాతి కాదు. ఎల్లుండి కాలేజీలో చేరతావు. మొదటి రోజే ఒక అమ్మాయి నీ వైపు చూస్తుంది. చూసింది నీ వెనక గోడకున్న గడియారాన్నని తెలియక నువ్వు వారం రోజులు అన్నం మానేస్తావు. నాకు తెలియదా మీ వంశం సంగతి!

కూర్చో, ఒక కథ చెబుతాను. ప్రేమకథే. చెవులు అట్లా నిక్కబెట్టకు, చూసేవాళ్ళకి సిగ్గుగా ఉంటుంది.

అరవై రెండో సంవత్సరం. రాజపాళయానికి ఆరు మైళ్ళ దూరాన, పత్తి చేల మధ్య, కొత్తగా ఒక కాలేజీ లేచింది. అందులో మూడు సంఘాలు. తమిళ మన్రం ఒకటి, మలయాళ సమాజం ఒకటి, తెలుగు సంఘం ఒకటి. తమిళం వాళ్ళకు కవితల పోటీలు కావాలి. సెంగోట్టై వైపు నుంచి వచ్చిన మలయాళం పిల్లలకు ఓణం కావాలి. మనవాళ్ళకు ఉగాది కావాలి, దానితో పాటు ఆదివారం ఆదివారం వచ్చి తెలుగు రాయడం నేర్పే వాద్యార్ ఒకాయన కావాలి. ఎందుకంటే మన వాళ్ళందరికీ తెలుగు నోట్లో ఉంది గాని చేతిలో లేదు.

జూలైలో ప్రిన్సిపాల్ నోటీసు అంటించాడు. సంఘాలకు కాలేజీ నుంచి పైసా రాదు. విద్యార్థుల దగ్గర చందా వసూలు చేస్తే డిస్మిస్.

మూడు సంఘాల సెక్రటరీలు క్యాంటీన్‌లో ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. తమిళ మన్రం సెక్రటరీ సౌందరరాజన్‌కే ఆలోచన తట్టింది.

"చందా వద్దన్నాడు. మొయ్ వద్దనలేదే!"

మొయ్ అంటే నీకు తెలుసు. పెళ్ళికో చెవులు కుట్టడానికో పోయి, భోజనం చేసి, డబ్బు ఇచ్చి, పుస్తకంలో పేరు రాయించి వస్తాం. రేపు మన ఇంట్లో శుభం జరిగితే వాళ్ళు వచ్చి అది తిరిగి ఇస్తారు. ఐదుకు ఐదే ఇస్తే కణక్కు, అంటే లెక్క, తీరిపోయింది, ఇక రాకపోకలు లేవని అర్థం. పైన ఒక్క రూపాయి చేర్చి ఇస్తే బంధం నడుస్తున్నదని అర్థం. ఆ ఒక్క రూపాయి రాలేదని పదేళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ములను నేను చూశాను.

ఇంకొకటి. పుస్తకంలో మొదటి గీత మామది. ఆడపిల్ల శుభమైతే మేనమామ పేరో, ఆ పిల్లను చేసుకునే హక్కున్న వరసైన బావ పేరో అక్కడ రాస్తారు. ఆ బావనే మన వైపు మురైమామన్ అంటారు. ఆ పేరే మైకులో ముందు అరుస్తారు. ఆ గీతలోకి వేరేవాడు దూరితే తలలు పగులుతాయి.

అట్లా ఒప్పందం కుదిరింది. ఒక సంఘం విళా, అంటే పండుగ, పెడితే మిగతా రెండూ వచ్చి మొయ్ పెట్టాలి. ఎవరి విళా వచ్చినప్పుడు వాళ్ళకు రూపాయి చేర్చి తిరిగి ఇవ్వాలి. రాయడానికి మూడు సంఘాలూ ఒకే మనిషిని కూర్చోబెట్టాయి. తమిళ మన్రం ట్రెషరర్ పంకజవల్లిని. ఆమె రాత అచ్చుగుద్దినట్టు ఉంటుంది. నాలుక అంతకంటే పదును.

తెలుగు సంఘం సెక్రటరీ అళగిరిసామి. సేత్తూరు రైతు కొడుకు. రోజూ సైకిలు మీద రాజపాళయం వచ్చి బస్సు పట్టుకునేవాడు. మంచి పొడుగు, నెత్తి వెనక ఎప్పుడూ నిలబడి ఉండే నాలుగు వెంట్రుకలు. సంఘం తరఫున ఇరవై ఒక్క రూపాయి పట్టుకుని ఓణం నాడు బల్ల ముందు నిలబడ్డాడు.

"పేరు?" అంది పంకజవల్లి, తల ఎత్తకుండానే.

"అళగిరిసామి. సేత్తూరు. తెలుగు సంగం సెక్రటరీ."

"సంతకం పెట్టండి."

పెట్టాడు. ఆమె అప్పుడు తల ఎత్తింది.

"ఏంది సార్, తెలుగు సంగం సెక్రటరీ తమిళంలో సంతకం పెట్టినాడే!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అళగిరిసామి చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఊరి బడిలో తెలుగు ఎవరు నేర్పినారు? ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా. నీ సంగతేంది? రాజపాళయం తెలుగింటి పిల్లవు, తమిళ మన్రంలో ట్రెషరర్!"

"తమిళ మన్రంలో చదువుతారండి. మీ సంగంలో ఏం చదువుతారు? చదవను వస్తే కదా!"

"నీకు వస్తుందా?"

ఆమె చిన్న కాగితం ముక్క చింపి, పెన్సిల్‌తో గుండ్రంగా ఏదో రాసి ముందుకు తోసింది.

"మా తాత నేర్పినాడు. ఇది మీ పేరే. భయపడాకండి, కరవదు."

అళగిరిసామి కోపంగా ఆ ముక్క తీసుకుని చొక్కా జేబులో కుక్కుకున్నాడు. కోపం బస్సు ఎక్కే లోపలే పోయింది. కాగితం మాత్రం జేబులోనే ఉంది. చొక్కా మారినప్పుడల్లా అది కూడా కొత్త జేబుకు మారింది. దాదాపు ఆరు నెలలు!

ఆ ఆరు నెలల్లో వాళ్ళిద్దరి మధ్య జరిగిన ప్రేమ ఏమిటంటావా? లైబ్రరీలో ఎదురైతే ఆమె "ఏం సార్, సంతకం బాగుందా?" అనేది. అతను "మీ మన్రం బాగుందా?" అనేవాడు. అంతే. మీ కాలంలో అయితే ఈపాటికి రెండు సినిమాలు చూసేవాళ్ళు.

ఇక ఇందులో ముఖ్యమైనవాడిని చెప్పాలి. మైకుసెట్టు కందసామి. చదివింది ఆరో తరగతి, అయినా ఆ చుట్టుపక్కల అంత తెలివైనవాడు లేడని పెద్దపెద్దవాళ్ళే ఒప్పుకున్నారు. పెళ్ళిలో "పాయసం అయిపోవస్తున్నది" అని మైకులో చెప్పి రెండు పంక్తులను ఒకేసారి పరిగెత్తించినవాడు. తళవాయిపురంలో పెళ్ళికొడుకు చెప్పులు పోయాయని చెప్పి, ఊరంతా వెతికాక, అవి అతని కాళ్ళకే ఉన్నాయని మైకులోనే ప్రకటించినవాడు. ఎవరినైనా ఏమార్చగలడు. అతన్ని ఏమార్చినవాడు అప్పటికి పుట్టలేదు.

మార్చి మొదట్లో తమిళ మన్రం విళా వచ్చింది. తల్లిదండ్రులందరినీ పిలిచారు. ముందు వరసలో పంకజవల్లి నాయన సీనివాస నాయుడు కూర్చున్నాడు. జిన్నింగ్ ఫ్యాక్టరీ ఆసామి, కాలేజీ కట్టడానికి డబ్బిచ్చినవాడు. మీసాల మీద ఎప్పుడూ పత్తి నూగు. ఆయన గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. దానికే అందరికీ భయం.

అళగిరిసామి సంఘం మొయ్ యాభై ఒక్క రూపాయి కట్టాడు. తర్వాత జేబులోంచి ఇంకో ఐదు రూపాయల నోటు తీశాడు.

"ఇది?" అంది పంకజవల్లి.

"నా సొంతం. పేరుకు ఒకటి ఉండనీ అని."

"మన్రానికా, రాసేదానికా?"

అతను నోటు బల్ల మీద పెట్టాడు. ఆమె పుస్తకం మొదటి పేజీకి తిప్పింది. అతనికి ముందు పదిమంది రాయించుకున్నారు, అయినా పైన మొదటి గీత ఖాళీగా ఉంది. అక్కడే రాసింది, 'సేత్తూరు అళగిరిసామి, ఐదు.'

"అక్కడ ఎందుకు?"

"చోటు ఖాళీగా ఉండాది. వేస్టు చేస్తారా ఎవరైనా?"

అతను పోయి తన చోట కూర్చున్నాడు. అక్కడి నుంచి చూస్తే, పంకజవల్లి పేర్ల చీటీలు పట్టుకుని మైకు దగ్గరకు పోయింది. కందసామికి వేలు చూపించి ఏదో గట్టిగా చెప్పింది. కందసామి బుద్ధిమంతుడిలా తల ఊపాడు.

తర్వాత మైకు గరగరలాడింది.

"హలో, హలో! మొదటి మొయ్, మురైమామన్ మొయ్! మన పంకజవల్లికి సేత్తూరు మురైమామన్ అళగిరిసామి పెట్టిన మొయ్ ఐదు రూపాయలోయ్!"

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. ఈలలు వేశారు. అళగిరిసామికి ఆ ఇంటితో బంధుత్వం లేదు, వరస లేదు, వాళ్ళ ఇంటి గడప తొక్కినవాడు కాదు. మూడు వందల మంది ముందు ఆ ఇంటి పిల్ల మీద హక్కు చెప్పినట్టయింది.

సీనివాస నాయుడు లేచాడు. ఈలలు ఆగిపోయాయి. ఆయన నిదానంగా బల్ల దగ్గరకు నడిచి, కూతురి ముందున్న పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. మొదటి పేజీ చూశాడు. తర్వాత పుస్తకం మూసి కూతురి చేతికిచ్చాడు.

"సేత్తూరాయన ఎవరప్పా?"

"నేనేనండి," అన్నాడు అళగిరిసామి.

"మీ సంగం విళా ఎప్పుడు?"

"ఉగాదికి. మూడు వారాలు ఉండాది."

"మా పిల్ల పేరుతో పెట్టిన మొయ్. తిరిగి ఇచ్చేది మా ఆనవాయితీ, మా పళక్కం. నేనే వచ్చి ఇస్తాను. అందాక పిల్ల కాలేజీకి రాదు."

ఆయన ముందు, ఆమె వెనక. వాకిలి దగ్గర పంకజవల్లి ఒక్కసారి తిరిగి చూసింది. ఆ చూపులో ఏముందో అళగిరిసామికి అర్థం కాలేదు. తిట్టు అనుకున్నాడు.

కందసామిని మైకు వైర్లు చుట్టుకుంటూ ఉండగా పట్టుకున్నాడు.

"ఎందుకు మామా అట్ల చేసినావు? నీకేం ద్రోహం చేసినాను?"

కందసామికి కూడా నవ్వు పోయింది. "నేనేం చేసేదిరా. ఆ పిల్లే వచ్చి చెప్పింది. 'ఎవర్ని ఏమైనా అనండి మామా, ఆ సేత్తూరాయన పేరు ముందర మాత్రం మురైమామన్ అనాకండి, మా నాయన ముందర్నే ఉండాడు' అనింది. అందాక నాకు ఆ నినప్పే, ఆ తలపే లేదురా! అది వద్దనినాక నాలుక మీద ఒకటే దురద. నోరు ఊరుకోలేదు."

అళగిరిసామి అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. పరువు పోయింది సరే, నాయుడి కోపం సరే. ఆమె వద్దంది. ముందే పోయి, వేలు చూపించి, తన పేరు పక్కన ఆ మాట వద్దంది. ఇన్ని నెలలు జేబులో మోసిన కాగితం ఒక్కసారి బరువెక్కింది.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ ముగ్గురు సెక్రటరీలనూ పిలిచాడు.

"ఉగాది రోజు నాయుడుగారు వస్తానన్నారు కాబట్టి విళా ఆపను. కానీ ఆ రోజు చిన్న తకరారు జరిగినా మూడు సంఘాలూ క్లోజ్. మూడూ!"

బయటికి వచ్చాక అళగిరిసామి అన్నాడు, "మీరిద్దరూ మా జోలికి రాకండప్పా. నా వల్ల మీ సంగాలు కూడా పోతాయి. విళా మేమే ఎట్లనో చేసుకుంటాము." తెలుగు సంఘం పెట్టెలో ఉన్నది ముప్పై ఎనిమిది రూపాయలు. అందులో పందిరి కూడా లేవదు.

సౌందరరాజన్ జేబులో చేయి పెట్టాడు. "నువ్వు మాకు యాభై ఒకటి పెట్టినావు. మేము యాభై రెండు పెట్టాల. విళా రోజు పెడితే ఏంది, ఈ రోజే పెడితే ఏంది? పందిరి వెయ్యి."

"మావి ఇరవై రెండు," అన్నాడు మలయాళ సమాజం కృష్ణన్. "అది కాక వంట మా పిల్లలు చేస్తారు. మీ సాంబార్ తిని మేము చచ్చేది ఎందుకు!"

"గొడవ జరిగితే?"

"జరిగితే మూడు సంగాలూ కలిసి మూసుకుంటాము. మొయ్ పెట్టినాక మధ్యలో లేచిపోతారా ఎవరైనా?"

కందసామి మైకుసెట్టు ఉచితంగా ఇస్తానన్నాడు. పాపం తీర్చుకోవాలిగా.

ఆ ఆదివారం వాద్యార్ కూడా వచ్చాడు, బస్సు ఛార్జీ మీద నమ్మకంతో. పదకొండు మంది పలకలు పట్టుకుని కూర్చున్నారు. అందరూ అ, ఆ లతో మొదలుపెట్టారు. అళగిరిసామి మాత్రం లేచి నిలబడి, "నాకు 'పం' నేర్పండి సార్, తర్వాత 'క'," అన్నాడు. వాద్యార్ కళ్ళద్దాల మీద నుంచి చూసి, ఏమీ అడగకుండా 'పం' రాసిచ్చాడు. అనుభవం ఉన్నవాడు.

కానీ మనసు కుదుటపడలేదు. ఉగాది దాకా ఆగలేక, ఒక సాయంత్రం సైకిలు రాజపాళయంలో సీనివాస నాయుడి ఇంటి ముందు ఆపాడు. ముందుగా బయటికి వచ్చింది కుక్క. తెల్లది, నడుం దాకా ఎత్తు, ముక్కు గులాబీ రంగు. అరవలేదు. వచ్చి అతని చొక్కా జేబు మీద ముక్కు ఆనించి నిలబడింది.

"కదలాకు నాయనా," అని లోపలి నుంచి ముసలి గొంతు. పంకజవల్లి అవ్వ రంగమ్మాళ్. "కదిలినవాళ్ళనే పట్టుకుంటుంది. ఎవురు నువ్వు?"

"సేత్తూరు అళగిరిసామి, అవ్వా."

"ఓ! మురైమామనా!" అంది అవ్వ. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సీనివాస నాయుడు అరుగు మీదికి వచ్చాడు. కూర్చోమనలేదు. కుక్కను పిలవనూ లేదు.

"చెప్పప్పా."

"ఆ రోజు మైకులో అట్ల చెప్పమని నేను చెప్పలేదండి."

"అంటే నీకు సంబంధం లేదు. సరి. పోయి రా."

కుక్క ముక్కు గుండె మీదే ఉంది. గుండె దాని ముక్కుకు కొట్టుకుంటున్నది. పోవచ్చు. ఆ ఒక్క మాటతో బయటపడవచ్చు. అళగిరిసామి పోలేదు.

"చెప్పమని చెప్పలేదు. కానీ మైకులో విన్నప్పుడు అది అబద్ధం అనిపించలేదండి నాకు. నా మనసులో ఉండేదే అది. మీ పాపకు మాత్రం ఇష్టం లేదు. తను ముందే పోయి వద్దనింది. అయినా జరిగిపోయింది. అందుకే మన్నించమని వచ్చినాను. నా మీద కోపంతో పాప చదువు నిలపాకండి. కావాలంటే నేనే కాలేజీ నిలిపేస్తాను."

సీనివాస నాయుడి మీసం కదిలింది.

"వద్దనిందా? ఎవరి దగ్గర?"

"కందసామి మామ దగ్గర."

"మైకుసెట్టు కందసామి దగ్గర పోయి... ఇట్ల చెప్పొద్దని... చెప్పిందా?"

"అవునండి."

ఆయన గోడ వైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. భుజాలు అదిరేటట్టు, ఆగకుండా దగ్గాడు. పత్తి నూగు గొంతులో పడిందేమో, మంచినీళ్ళు తెమ్మందామా అని అళగిరిసామి కంగారుపడ్డాడు. లోపల అవ్వ కూడా దగ్గుతున్నది. కిటికీ చువ్వల వెనక గాజుల చేయి ఒకటి కనిపించి మాయమైంది.

ఆయన కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగినప్పుడు ముఖం మళ్ళీ రాయి.

"పిల్ల చదువు మాట ఉగాది రోజు. ఎంత మొయ్ తిరిగి ఇవ్వాలో నాకు తెలుసు. పోయి రా."

ఉగాది వచ్చింది. కాలేజీ ముందు కొబ్బరాకు పందిరి. ఉగాది పచ్చడి కలిపింది మలయాళం పిల్లలు, అందులో కొబ్బరి కోరు వేశారు, ఎవరూ అడగలేదు. తమిళ మన్రం పిల్లలు నీళ్ళు పోశారు, విస్తళ్ళు వేశారు. పంకజవల్లి కుర్చీ ఖాళీ కాబట్టి మొయ్ బల్ల దగ్గర అళగిరిసామే కూర్చున్నాడు. కొత్త పుస్తకం తెరిచాడు. మొదటి గీత వదిలిపెట్టి రెండో గీత నుంచి రాయడం మొదలుపెట్టాడు. ఎందుకు వదిలావని సౌందరరాజన్ అడగలేదు. ప్రిన్సిపాల్ చేతులు కట్టుకుని పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు.

పదకొండు గంటలకు పడమటి కొండల మీద మబ్బు నల్లగా లేచింది. పన్నెండుకు చినుకులు. అప్పుడే ఫ్యాక్టరీ జీపు వచ్చి ఆగింది. సీనివాస నాయుడు దిగాడు. రంగమ్మాళ్ దిగింది. ఆఖరున, తలకు కొంగు కప్పుకుని పంకజవల్లి దిగింది. మూడు వారాలకు ఆమెను చూసి అళగిరిసామి పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

సీనివాస నాయుడు తాంబూలం పళ్ళెంలో నోటు పెట్టి నేరుగా కందసామి చేతికిచ్చాడు.

"చదువు. చీటీలో ఉన్నదే చదువు."

కందసామి మైకు పట్టుకున్నాడు. అదే సమయానికి వాన ఒక్కసారి కుమ్మరించింది. మైకు 'టప్' మంది. కరెంటు పోయింది. మూడు వందల మంది నోళ్ళు మూసుకుని చూస్తుంటే, కందసామి వట్టి గొంతుతో, వాన మీద నుంచి అరవాల్సి వచ్చింది.

"రాజపాళయం... సీనివాస నాయుడు... సేత్తూరు అళగిరిసామికి తిరిగి పెట్టిన మొయ్..." నోటు తిప్పి చూశాడు. పళ్ళెం తిప్పి చూశాడు. కింద ఇంకేమీ లేదు. "ఐదు రూపాయలు."

ఐదు. ఐదుకు ఐదు.

కణక్కు తీరిపోయింది. అళగిరిసామి తల వంచుకుని తన చేతితోనే రాశాడు, 'ఐదు'. ప్రిన్సిపాల్ గొడవ కోసం చూస్తున్నాడు. గొడవ చేసే హక్కు తనకు లేదు. పెట్టింది తిరిగి వచ్చింది. అంతే.

"సరి," అన్నాడు నాయుడు. "నువ్వు పెట్టింది వచ్చేసింది. ఇప్పుడు నీకు మాకు బాకీ లేదు. మైకులో ఎవుడో అరిచినాడని నా పిల్ల ఏ ఇంటికీ కట్టుబడలేదు. ఇది అందరికీ తెలియాల. తెలిసిందా?"

"తెలిసిందండి."

"ఇక కొత్తగా పెట్టేది పెట్టనిది నా పని కాదు." ఆయన పక్కకు జరిగాడు.

ఆయన వెనక పంకజవల్లి నిలబడి ఉంది. పందిరి చివర నుంచి కారిన వాన ఆమె కొంగు మీద పడుతున్నది. గుప్పిట తెరిచి, ఒక్క రూపాయి బిళ్ళ బల్ల మీద పెట్టింది.

"మొదటి గీత ఖాళీగా ఉండాదా?"

"ఉండాది," అన్నాడు అళగిరిసామి.

"వేస్టు చేస్తారా ఎవరైనా? రాయండి."

అతను రాశాడు. తమిళంలో కాదు. మూడు వారాలు పలక మీద అరగదీసిన ఐదక్షరాలు, ఒక్కొక్కటిగా, తలకట్లతో సహా. పంకజవల్లి వంగి చూసింది. వాన నీళ్ళు ఒక చుక్క పేజీ మీద పడింది.

"'ల్లి' కొంచెం వంకర," అంది మెల్లగా. "నేర్చుకోవచ్చు. చాలా రోజులు ఉండాయి."

"నీకు ఇష్టం లేదనుకుంటిని. కందసామి మామ దగ్గర వద్దనినావంట."

పంకజవల్లి ఆశ్చర్యంగా చూసింది. తర్వాత కందసామి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"మామా, మీకు థాంక్స్ చెప్పనే లేదు. చెప్పు అని బతిమాలి ఉంటే మీరు చెప్పి ఉంటారా? జన్మకు చెప్పరు. అందుకే, చెప్పాకండి అని చెప్పినాను."

కందసామి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మైకు లేకపోవడం అతనికి అదే మొదటిసారి మంచిదైంది.

"ఆ రోజు పుస్తకంలో చూసినప్పుడే నాకు తెలిసింది," అన్నాడు సీనివాస నాయుడు, మీసాల మీది వాన నీళ్ళు దులుపుకుంటూ. "పదిమందిని కిందికి తోసి మొదటి గీత ఎవరికోసం దాచిపెట్టిందని. అది నా బిడ్డ రాత. పిల్లోడు ఎట్లాంటివాడో చూడాల కదా. మూడు వారాలు ఉంచి చూసినాను. కుక్క కూడా చూసింది."

అప్పుడు రంగమ్మాళ్ దగ్గింది. అదే దగ్గు. దానితో పందిరంతా దగ్గింది. ప్రిన్సిపాల్ కూడా గుంజ వైపు తిరిగి దగ్గాడు. ఆ తర్వాత సంఘాలు మూసే మాట ఆయన నోట రాలేదు. ఆ రోజు వచ్చిన మొయ్‌తో వాద్యార్ రెండేళ్ళు ఆదివారాలు వచ్చాడు.

ఏం కామరాజ్, ఎందుకు అట్లా పళ్ళికిలిస్తున్నావు? ఆ వంకర 'ల్లి' ఎక్కడో చూసినట్టుందా? మీ ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఒక పాత పుస్తకం ఉంటుంది, పోయి మొదటి పేజీ చూడు. అప్పుడు మీ అమ్మను అడుగు, ఊరందరినీ ఏమార్చిన కందసామిని ఏమార్చింది ఎవరని.

అట్లాగే మీ నాయనను కూడా ఒక మాట అడుగు. ఉచితమని నేను అన్నది మైకుసెట్టు అద్దె ఒక్కదాన్నే. వానలో తడిసి కాలిపోయిన నా యాంప్లిఫయర్ సంగతి ఏమిటని.